మ్యాడ్‌నెస్ పాటలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా అన్నయ్య ఫోనులో ‘అవర్ హౌస్’ అనే ఇంగ్లీషు పాట విని ఎంతో ఇష్టపడ్డాను. అది మ్యాడ్‌నెస్ అనే బ్రిటిష్ బృందం పాట అనీ, దాన్ని స్కా సంగీతం అంటారనీ ఆయన చెప్పాడు. స్కా అంటే ఏమిటి? వారి ఆల్బమ్‌లలో ముందు దేన్ని వినాలి? ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం ఇది ఉత్త గోల అంటున్నారు.
– డిగ్రీ విద్యార్థిని, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ముందు లయ సంగతి చూద్దాం. మీరు భజనలో తాళం వేస్తున్నారనుకోండి. దెబ్బకూ దెబ్బకూ నడుమ చేతులు విడివడి ఉండే క్షణంలో గిటారో పియానోనో టక్కున మోగితే, అదే స్కా. 1950ల చివర జమైకాలో పుట్టిన ఈ సంగీతం అక్కడి నుంచి వలస వెళ్లినవారి వెంట ఇంగ్లండు చేరింది. 1979లో కోవెంట్రీ నగరంలో జెర్రీ డామర్స్ స్థాపించిన టూ టోన్ అనే రికార్డు సంస్థ దాన్ని అక్కడి కొత్త తరానికి మళ్లీ వినిపించింది. లండన్‌లోని కామ్‌డెన్ కుర్రాళ్లయిన మ్యాడ్‌నెస్ తొలి పాట ‘ది ప్రిన్స్’ వెలువడింది ఆ సంస్థ నుంచే. అది జమైకా గాయకుడు ప్రిన్స్ బస్టర్‌కు వారు సమర్పించిన నివాళి. బృందం పేరు కూడా ఆయన పాట పేరే.

మొదట ‘కంప్లీట్ మ్యాడ్‌నెస్’ అనే 1982 నాటి సంకలనం వినండి. మీకు నచ్చిన ‘అవర్ హౌస్’ అందులో ఉండదు, ఎందుకంటే ఆ పాట అదే ఏడాది చివర్లో వచ్చింది. అయినా ఆ సంకలనంతోనే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే మూడేళ్లలో ఈ బృందం వట్టి గంతుల పాటల నుంచి కథ చెప్పే పాటల దాకా ఎలా నడిచిందో ఒక్క విడతలో తెలుస్తుంది. తర్వాత 1979 నాటి ‘వన్ స్టెప్ బియాండ్’ విని, అక్కడి నుంచి 1982 నాటి ‘ది రైజ్ అండ్ ఫాల్’కు వెళ్లండి. ‘అవర్ హౌస్’ ఈ ‘ది రైజ్ అండ్ ఫాల్’లోనిదే. ఇందులో స్కా బాగా పలచబడి, మైక్ బార్సన్ పియానో ముందుకు వస్తుంది. నా అభిప్రాయంలో వారి పనిలో ఇదే శిఖరం. నడుమ వచ్చిన ఆల్బమ్‌లు తీరికగా వినవచ్చు.

ఇక గోల అన్న మాట. 1980లో వచ్చిన ‘ఎంబరాస్‌మెంట్’ పాటను ఇంట్లో వినిపించి, దాని అర్థం చెప్పండి. సాక్సోఫోన్ వాయించే లీ థాంప్సన్ చెల్లెలు నల్లజాతి యువకుడి వల్ల గర్భవతి అయినప్పుడు బంధువులు పరువు పోయిందంటూ ఆమెను దూరం పెట్టిన తీరును ఆయన ఆ పాటగా రాశాడు. బాణీ హుషారుగా సాగుతూనే ఉంటుంది, మాటలు మాత్రం గుండెను కోస్తాయి. ఈ కలయిక చెవికి పట్టనంత కాలం మ్యాడ్‌నెస్‌ను నవ్వించే బృందంగా మాత్రమే లెక్కగట్టే ప్రమాదం ఉంది, చాలామంది ఆ పొరపాటు చేశారు కూడా.

గాయకుడు సగ్స్ ఉచ్చారణ మొదట్లో మీకు కొరుకుడు పడకపోవచ్చు. అమెరికన్లను అనుకరించకుండా తన లండన్ పేట యాసలోనే పాడతాడు కనుక, సాహిత్యం ఎదుట పెట్టుకొని రెండుసార్లు వినండి. జనం మాట్లాడే భాషకే రాతలో చోటుండాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన ఊరి అమ్మాయికి ఆ పట్టుదల విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇవన్నీ అయ్యాక 2009 నాటి ‘ది లిబర్టీ ఆఫ్ నార్టన్ ఫోల్గేట్’ చేతికి తీసుకోండి. పది నిమిషాలు దాటే దాని శీర్షిక పాట తూర్పు లండన్‌లోని ఒక చిన్న పేట గురించీ, అక్కడికి తరతరాలుగా వచ్చి చేరిన పరాయి దేశాల వారి గురించీ చెబుతుంది. తెలుగు, ఒడియా, సవర ఒకే సంతలో వినిపించే మీ ప్రాంతంలో కూర్చుని వింటే, ఆ పాట మీకు త్వరగానే దగ్గరవుతుందని నా నమ్మకం.