సౌండ్ కంటే స్లోగా పోతే గురి కుదురుతుందా? షూటింగ్ రేంజ్ నుంచి మీ ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: గురువుగారూ నమస్తే. మాది గాజువాక, పాయింట్ టూటూ (0.22 అంగుళాల) రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్, అంటే బోర్లా పడుకుని, షూట్ చేస్తాను. అమెరికాలో ఉన్న మా బావ రౌండ్లు ఇంట్లోనే నింపుకుంటాడు, సబ్‌సోనిక్ (సౌండ్ కంటే స్లోగా పోయేది) లోడ్ చేశాక గ్రూప్, అంటే టార్గెట్ మీద కన్నాలు పడే వెడల్పు, సగానికి సగం తగ్గిపోయిందంట, నింపే సామాను నాకూ పంపిస్తానంటున్నాడు. తెప్పించుకోమంటారా? స్పీడ్ ఎంత తగ్గిస్తే గురి బాగుంటాది?

జవాబు: తెప్పించుకోకు బాబూ, ముందు అది చెప్పేసి మిగతాది మాట్లాడతాను. నీ లైసెన్సు రైఫిల్ ఉంచుకోడానికి, రౌండ్లు కొనుక్కోడానికి, అంతే. తయారీకి వేరే లైసెన్సు ఉండాలి, లేకపోతే 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద నేరం. బావ మీద ప్రేమతో ఆ పార్సిల్ కోసం పోర్టులోనో ఎయిర్‌పోర్టులోనో కస్టమ్స్ వాళ్ల ముందు నిలబడితే ఆ సీజన్ నీ మ్యాచ్‌లు అయిపోయినట్టే.

ఇంకో సంగతి, అసలు నీ పాయింట్ టూటూకి రీలోడింగ్, అంటే ఖాళీ కేస్‌ని మళ్లీ నింపడం, అనేదే పెద్దగా లేదు. అది రిమ్‌ఫైర్ కదా, ప్రైమర్ (నిప్పు రాజేసే) మందు కేస్ (రౌండ్ గొట్టం) అంచు లోపల ఉంటాది, పిన్ వచ్చి ఆ అంచుని నలిపితేనే పేలుతుంది, ఒకసారి నలిగాక ఇక దానితో పనేం లేదు. నీ ఖాళీ కేస్ ఒకటి తీసి చూడు, అంచు మీద సొట్ట కనబడుతుంది. మీ బావ నింపేది సెంటర్‌ఫైర్ అయి ఉంటాది, అంటే ప్రైమర్ నడిమధ్యలో విడిగా ఉండి మార్చుకోడానికి వీలున్నది.

మీ బావ అబద్ధం చెప్పట్లేదు, కాకపోతే కారణం వేరే చోట పెడుతున్నాడు. గ్రూప్ తగ్గింది బుల్లెట్ స్లో అయినందుకు కాదు, ప్రతి రౌండూ ఒకే స్పీడ్‌తో బయటికొచ్చినందుకు. పెద్ద రైఫిల్ కేస్‌లో సబ్‌సోనిక్‌కి కొంచెం పౌడరే పడుతుంది, మిగతాదంతా ఖాళీ, ఆ పౌడర్ ఒకసారి ప్రైమర్ దగ్గర, ఒకసారి బుల్లెట్ దగ్గర చేరుతుంది, దాంతో మంట అంటుకునే తీరు మారిపోయి స్పీడ్ అటూ ఇటూ అయిపోతుంది. అందుకే అక్కడివాళ్లు చిన్న కేస్ ఉన్న 300 బ్లాకౌట్ లాంటి రౌండ్లు పట్టుకుని, 220 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు) బరువు బుల్లెట్ పెట్టి, అంత పొడుగు బుల్లెట్ స్థిరంగా తిరగాలని బ్యారెల్‌కి ట్విస్ట్ (లోపలి గాడుల మెలిక) కూడా బిగువుగా పెట్టుకుంటారు. మరీ తగ్గించేస్తే బుల్లెట్ బ్యారెల్ మధ్యలోనే ఇరుక్కుపోతుంది, అది చూసుకోకుండా వెనకాల రెండోది పేల్చినవాడి చేతిలో బ్యారెల్ పగిలిపోతుంది. వాళ్లు క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ స్పీడ్ కొలిచే యంత్రం) పెట్టి ఏళ్ల తరబడి కుస్తీ పట్టేది ఇందుకే.

మనకి ఆ కుస్తీ అక్కర్లేదు, ఎందుకంటే పాయింట్ టూటూ మ్యాచ్ రౌండ్లన్నీ ఫ్యాక్టరీ నుంచే సబ్‌సోనిక్‌గా వస్తాయి. 40 గ్రెయిన్ల సీసం బుల్లెట్, సెకనుకి 325-330 మీటర్లు. హై వెలాసిటీ రౌండ్ అయితే 370 పైన బయల్దేరి దారిలో స్పీడ్ పడిపోతూ సౌండ్ స్పీడ్ దగ్గర కుదుపులు తింటాది, మన బైక్ గతుకు మీద పడ్డట్టు. మ్యాచ్ రౌండ్ మొదట్నుంచీ సౌండ్ కింద ఉంటాది కాబట్టి ఆ గతుకే రాదు.

ఇక్కడ మన వైజాగ్ వాళ్లకి ఓ లాభం ఉంది. సౌండ్ స్పీడ్ గాలి వేడిని బట్టి మారుతుంది, సున్నా డిగ్రీల దగ్గర 331, ఆపైన డిగ్రీకి ఓ 0.6 కలుపుకుంటూ పో. మన మే నెల 34 డిగ్రీల్లో 351 వస్తుంది. అదే ఢిల్లీలో జనవరి పొద్దున్న 8 డిగ్రీలుంటే 336కి దిగిపోతుంది. అంటే 330తో పోయే నీ రౌండ్‌కి ఇక్కడ 21 మీటర్ల జాగా ఉంటే అక్కడ 6 మిగులుతుంది. ఇక్కడ బుజ్జిగా పడిన గ్రూప్ నేషనల్స్‌కి వెళ్లాక చెదిరితే రైఫిల్‌ని తిట్టేముందు థర్మామీటర్ చూడు.

ఇప్పుడు స్పీడ్ తేడా ఎంత కొడుతుందో చూద్దాం. ఒక రౌండ్ 325, ఇంకోటి 335తో పోయిందనుకో, 50 మీటర్ల దగ్గర ఓ 7-8 మిల్లీమీటర్లు పైకీ కిందకీ తేడా వచ్చేస్తుంది. టార్గెట్ నడిమధ్యలో పది పాయింట్ల రింగ్ అంతా కలిపి 10.4 మిల్లీమీటర్లే! నాకు బాగా గుర్తుంది, ఓ సీజన్లో నా గ్రూప్ నిలువుగా, అగరొత్తి నిలబెట్టినట్టు వచ్చేది, అడ్డంగా మాత్రం రూపాయి బిళ్లలో సగం కూడా లేదు. ఊపిరి సరిగ్గా పట్టట్లేదు అనుకుని నెల రోజులు ఊపిరి మీదే పడ్డాను, స్లింగ్ (రైఫిల్‌ని చేతికి బిగించే పట్టీ) మార్చాను, మా ఆవిడ చేత తిట్లు తిన్నాను, పొద్దున్నే లేచి అదేం ఊపిరి గొడవ అని. చివరికి ఒకాయన డబ్బా లాక్కుని వెనక్కి తిప్పి లాట్ నంబర్ (ఫ్యాక్టరీలో ఒకేసారి తయారైన బ్యాచ్ నంబర్) చూసి, ఇంకో లాట్ నా చేతిలో పెట్టాడు. మొదటి ఐదూ ఒకే కన్నం!

అందుకని నువ్వు చెయ్యాల్సింది ఇదీ. ఒకే కంపెనీ, ఒకే రకం, నాలుగైదు వేరే వేరే లాట్లు ఒక్కో డబ్బా తీసుకో. రైఫిల్‌ని రెస్ట్ (ఆనించే స్టాండు) మీద పెట్టి, గాలి లేని పొద్దుటిపూట, ఒక్కో లాట్‌తో పది చొప్పున నాలుగు గ్రూపులు కొట్టు, ఐదు రౌండ్ల గ్రూప్ నమ్మకు, అదృష్టం కూడా దానిలో కలిసిపోతుంది. లాట్ మారినప్పుడు బ్యారెల్‌లో పాత లాట్ మైనం ఉంటాది, కొత్తదానితో పది పదిహేను ఊరికే పేల్చాకే లెక్క మొదలుపెట్టు. నప్పిన లాట్ దొరికితే లైసెన్స్ కోటా ఎంతుంటే అంతా అదే కొనేయ్. పెద్ద షూటర్లు రైఫిల్ పట్టుకుని ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దాకా, జర్మనీలో షోనెబెక్ దాకా వెళ్లి ఫ్యాక్టరీలోనే బ్యారెల్ క్లాంప్‌లో బిగించి ఈ పనే చేయించుకుంటారు.

ప్రశ్న: సార్, మా అమ్మాయి పన్నెండేళ్లు, పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. మేం ఎంవీపీ కాలనీలో ఉంటాం. సబ్‌సోనిక్ పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ గుళ్లు) వాడితే స్కోర్ వస్తుందని ఎవరో చెప్పారంట, అవి మామూలు వాటికి రెట్టింపు రేటు.

జవాబు: అమ్మా, ఆ మాట చెప్పినవాడికి ఓ నమస్కారం పెట్టేయండి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పెల్లెట్ సెకనుకి 170 మీటర్ల చుట్టుపక్కల పోతుంది, సౌండ్ స్పీడ్‌లో సగం. అన్ని పెల్లెట్లూ సబ్‌సోనిక్కే, వేరేగా డబ్బులిచ్చి కొనక్కర్లేదు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా గోల్డ్ కొట్టింది, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ బ్రాంజ్ తెచ్చింది ఈ నెమ్మది పెల్లెట్లతోనే. డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని తల సైజు ఉంటుంది చూడండి, పాప రైఫిల్‌కి ఏది నప్పుతుందో కోచ్‌ని అడిగి ఒక్కోటి కొట్టి చూడమనండి. అక్కడ పది అంటే అర మిల్లీమీటరు చుక్క. తడిమి తడిమి పెల్లెట్ అంచు వంకర అయితే ఆ చుక్క దొరకదు, డబ్బా కింద పడేసినవి ప్రాక్టీస్‌కి పక్కన పెట్టండి.

ప్రశ్న: బీచ్ రోడ్ దగ్గర ఫ్లాట్, రైఫిల్ బోల్ట్ మీద వారానికే ఎర్రగా తుప్పు వస్తోంది, ఏం చెయ్యాలి?

జవాబు: ఉప్పు గాలి సార్, ఇంట్లో గ్రిల్సే ఆగట్లేదు. రైఫిల్ పెట్టుకునే కేస్‌లోని స్పాంజి తడి పీల్చుకుని ఇనుముకి అంటిస్తాది, ప్రాక్టీస్ నుంచి రాగానే కేస్‌లోంచి తీసేసి, చేతి చెమట తగిలిన చోట్లన్నీ తుడిచి, పల్చగా నూనె రాసి, సిలికా జెల్ పొట్లాలతో లాకర్‌లో పెట్టండి. పొట్లాలు రంగు మారగానే మార్చండి, వానాకాలంలో పది రోజులకే మారిపోతాయి. మళ్లీ షూట్ చేసేముందు బ్యారెల్‌లో నూనె పొడిగుడ్డతో తీసెయ్యాలి, లేకపోతే మొదటి రెండు మూడు రౌండ్లు ఎక్కడికో పోతాయి.