పాఠకుల ప్రశ్నలు: చేత్తో నొక్కితే నడిచే స్క్రిప్టు రాత్రిపూట ఎందుకు మొరాయిస్తుంది?

ఈసారి ఎంచుకున్న ఉత్తరాలన్నీ ఆఫీసుల్లో, ల్యాబుల్లో విండోస్ కంప్యూటర్లు చూసుకునేవాళ్లవి. స్క్రిప్టు అంటే కంప్యూటర్ వరసగా చేయాల్సిన కమాండ్లు రాసిపెట్టిన ఫైలు. విండోస్‌లో వాటిని రాసే పాత పద్ధతి బ్యాచ్ ఫైలు, కొత్తది పవర్‌షెల్. కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో అచ్చు వేస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి. గీత కనిపించిన చోట హైఫన్ కొట్టాలి.

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ చివరి ఏడాదిలో ఉన్నాను. సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగానికి స్క్రిప్టింగ్ రావాలంటున్నారు. ముందు బ్యాచ్ ఫైళ్లు నేర్చుకోవాలా, నేరుగా పవర్‌షెల్‌కి పోవాలా?
– ఒక విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: నేరుగా పవర్‌షెల్‌కే వెళ్లండి. పింగ్, ఐపీకాన్ఫిగ్, రోబోకాపీ లాంటి పాత కమాండ్లు అందులోనూ నడుస్తాయి కాబట్టి పోయేదేమీ లేదు. బ్యాచ్ ఫైలు చదివితే అర్థమయ్యేంత వస్తే చాలు. పాత ఆఫీసుల్లో అవి ఇంకా చాలా ఉన్నాయి.

పవర్‌షెల్ 2006లో వచ్చింది. విండోస్ 10, 11లలో ముందే ఉండేది 5.1. 7వ వెర్షన్‌ను మనమే వేసుకోవాలి. 5.1 మీదే మొదలుపెట్టండి, ఏ ఆఫీసుకు వెళ్లినా కనిపించేది అదే. పాత కమాండ్ విండో మనకిచ్చేది వట్టి అక్షరాలు. అందులో కావలసిన ముక్కను ఏరుకోవడం మన తిప్పలు. పవర్‌షెల్ ఇచ్చేది పేరు, స్థితి, తేదీ అంటూ గళ్లు విడదీసి ఉన్న సమాచారం. ఆగిపోయిన సర్వీసులు (తెర వెనక నడిచే ప్రోగ్రాములు) కావాలంటే 'గెట్-సర్వీస్' కొట్టి, నిలువు గీత పెట్టి, 'వేర్-ఆబ్జెక్ట్ స్టేటస్ -ఈక్యూ స్టాప్డ్' అంటే సరిపోతుంది.

మూడు కమాండ్లు గట్టిగా పట్టుకోండి. కమాండ్ పేరు వెతకడానికి గెట్-కమాండ్. అది వాడే తీరు తెలియడానికి గెట్-హెల్ప్, చివర '-ఎగ్జాంపుల్స్' చేర్చి. వచ్చిన ఫలితంలో ఏయే గళ్లున్నాయో చూడటానికి గెట్-మెంబర్. హెల్ప్ పూర్తిగా రావాలంటే అడ్మినిస్ట్రేటర్ విండోలో ఒకసారి అప్‌డేట్-హెల్ప్ నడపాలి. మొదటి రెండు వారాలు 'గెట్'తో మొదలయ్యేవే వాడండి. అవి చూపిస్తాయే తప్ప దేన్నీ మార్చవు. ఆ తర్వాత 'రిమూవ్', 'స్టాప్' లాంటి వాటికి వచ్చినప్పుడు చివర '-వాట్ఇఫ్' తగిలించండి. ఏం చేయబోతోందో చెప్పి, చేయకుండా ఆగుతుంది.

మొదటి స్క్రిప్టు నడపగానే 'స్క్రిప్టులు నడపడం నిలిపి ఉంది' అని ఎర్ర అక్షరాలు వస్తాయి. కంగారు వద్దు. 'సెట్-ఎగ్జిక్యూషన్‌పాలసీ రిమోట్‌సైన్డ్ -స్కోప్ కరెంట్‌యూజర్' అని ఒకసారి ఇస్తే చాలు. ఫైలు పేరు ముందు చుక్క, బ్యాక్‌స్లాష్ పెట్టాలి. లేకపోతే ఎదురుగా ఉన్న ఫైలే కనిపించడం లేదంటుంది.

పాత అలవాటుతో వచ్చే రెండు తప్పులు కూడా చెప్పాలి. 5.1లో 'ఎస్‌సీ' అన్నది సెట్-కంటెంట్‌కి పొట్టిపేరు. ప్రింట్లను చూసుకునే స్పూలర్ సర్వీసు స్థితి చూద్దామని 'ఎస్‌సీ క్వెరీ స్పూలర్' కొడితే 'క్వెరీ' అనే ఫైలు పుట్టి, అందులో 'స్పూలర్' అనే మాట పడుతుంది. ఎర్రర్ కూడా రాదు. 'ఎస్‌సీ డాట్ ఈఎక్స్ఈ' అని పూర్తిగా రాయాలి. రెండోది, 'కంటే ఎక్కువ' అనడానికి > గుర్తు వాడటం. ఇక్కడ దాని అర్థం 'ఫైల్లోకి పంపు'. 5 కంటే ఎక్కువా అని అడగబోతే 5 అనే పేరుతో ఫైలు తయారవుతుంది. పోలికకు '-జీటీ' వాడాలి.

ప్రశ్న: పత్తి మిల్లు ఆఫీసులో పనిచేస్తున్నాను. డీ డ్రైవ్‌లోని లెక్కల ఫోల్డర్‌ను పక్క గదిలోని కంప్యూటర్‌కు (మాకు జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది) రోబోకాపీతో కాపీ చేసే బ్యాచ్ ఫైలు రాశాను. స్లాష్ ఎంఐఆర్, స్లాష్ ఆర్ 2, స్లాష్ డబ్ల్యూ 5 పెట్టాను. డబుల్ క్లిక్ చేస్తే చక్కగా నడుస్తుంది. టాస్క్ షెడ్యూలర్‌లో రాత్రి 11కి పెడితే ఒక్క ఫైలూ పోవడం లేదు. లాస్ట్ రన్ రిజల్ట్ 0ఎక్స్10 అంటోంది.
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: షెడ్యూలర్ చూపించే ఆ అంకె పదహారేసి లెక్కలో ఉంటుంది. 0ఎక్స్10 అంటే మన 16. రోబోకాపీ భాషలో 16 అంటే పని మొదలే కాలేదని.

తప్పు జెడ్ డ్రైవ్‌లో ఉంది. డ్రైవ్ అక్షరాలు లాగిన్ అయిన మనిషికి, ఆ లాగిన్‌కి మాత్రమే చెందినవి. రాత్రి ఎవరూ లాగిన్ కాకుండా నడిచే టాస్క్‌కు జెడ్ అనేదే లేదు. బ్యాచ్ ఫైల్లో జెడ్ తీసేసి రెండు బ్యాక్‌స్లాష్‌లు, అవతలి కంప్యూటర్ పేరు, షేర్ (నెట్‌వర్క్‌లో పంచిన ఫోల్డర్) పేరు పూర్తిగా రాయండి.

అంతటితో అయిపోదు. టాస్క్ ఏ యూజర్ పేరున నడుస్తుందో ఆ యూజర్‌కు అవతలి కంప్యూటర్‌లో రాసే అనుమతి ఉండాలి. షేర్ అనుమతి వేరు, ఫోల్డర్ సెక్యూరిటీ అనుమతి వేరు, రెండూ కావాలి. మీది డొమైన్ (అన్ని కంప్యూటర్ల యూజర్లనూ ఒకేచోట చూసుకునే ఏర్పాటు) లేని చిన్న ఆఫీసైతే రెండు కంప్యూటర్లలోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో బ్యాకప్ కోసం ఒక యూజర్‌ను తయారుచేసుకోవడం తేలిక. టాస్క్‌లో 'రన్ వెదర్ యూజర్ ఈజ్ లాగ్డ్ ఆన్ ఆర్ నాట్' ఎంచుకోండి. దాని కిందే ఉన్న 'డు నాట్ స్టోర్ పాస్‌వర్డ్' గడిలో టిక్ పెట్టకండి. పెడితే టాస్క్ ఈ కంప్యూటర్ దాటి బయటికి పోలేదు. పాస్‌వర్డ్ అడిగినప్పుడు రోజూ కొట్టే నాలుగంకెల పిన్ పనికిరాదు, అసలు పాస్‌వర్డే ఇవ్వాలి. ఆ పాస్‌వర్డ్ మార్చిన రోజున టాస్క్‌లోనూ మార్చాలి.

ఇవి సరిచేశాక రిజల్ట్‌లో 0ఎక్స్1 రావచ్చు. మామూలుగా 1 అంటే తప్పు జరిగినట్టే. రోబోకాపీ లెక్క వేరు. 0 అంటే కొత్తగా కాపీ చేయాల్సింది లేదు, 1 అంటే ఫైళ్లు కాపీ అయ్యాయి, 3 అంటే కాపీ అయ్యాయి, అవతల అదనపు ఫైళ్లూ ఉన్నాయి. 8, ఆపైన వస్తేనే ఏదో ఒక ఫైలు పోలేదని. అందుకే బ్యాచ్ ఫైలు చివర రెండు వరుసలు చేర్చండి. మొదటిది 'ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 8 ఎగ్జిట్ స్లాష్ బి 1', రెండోది 'ఎగ్జిట్ స్లాష్ బి 0'. ఎర్రర్‌లెవెల్ 8 అంటే 8 లేక అంతకంటే ఎక్కువ అని అర్థం. ఇక సున్నా కనిపిస్తే నిశ్చింతగా ఉండొచ్చు.

ఆర్, డబ్ల్యూ పెట్టి మంచి పని చేశారు. పెట్టకపోతే రోబోకాపీ ఒక్కో ఫైలును 10 లక్షల సార్లు, మధ్యలో 30 సెకన్లు ఆగుతూ ప్రయత్నిస్తుంది. లెక్కవేస్తే ఒక్క ఫైలుకే దాదాపు 347 రోజులు! లాగ్‌లో 'ఎర్రర్ 32' కనిపిస్తే ఎవరో లెక్కల సాఫ్ట్‌వేర్ మూయకుండా ఇంటికి వెళ్లారన్నమాట.

మీరు అడగలేదు గానీ, ఎంఐఆర్ గురించి భయం ఉండాలి. అది అద్దం. ఇక్కడ లేనిది అక్కడా ఉండకూడదంటుంది. పొరపాటున ఇక్కడ ఖాళీ ఫోల్డర్ ఉంటే అక్కడి బ్యాకప్ కూడా ఖాళీ. గమ్యం పేరు తప్పు రాస్తే ఆ తప్పు ఫోల్డర్లో ఉన్నదంతా తుడిచిపెడుతుంది. కమాండ్ మార్చిన ప్రతిసారీ చివర స్లాష్ ఎల్ పెట్టి ఒకసారి నడపండి. జాబితా చూపిస్తుంది, దేన్నీ ముట్టుకోదు. వారానికోసారి యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌లోకి తీసి, ఊడదీసి బీరువాలో పెట్టే కాపీ వేరుగా ఉండాలి.

రాత్రి 11కి కరెంటు లేకపోతే ఆ రోజు బ్యాకప్ లేనట్టే. సెట్టింగ్స్ ట్యాబ్‌లో 'రన్ టాస్క్ యాజ్ సూన్ యాజ్ పాసిబుల్' అని మొదలయ్యే వరుసలో టిక్ పెడితే, కంప్యూటర్ మళ్లీ ఆన్ అయ్యాక నడుస్తుంది. ల్యాప్‌టాప్ అయితే కండిషన్స్ ట్యాబ్‌లో 'ఏసీ పవర్ ఉంటేనే' అన్న టిక్ తీసేయాలి.

ప్రశ్న: మాది దరఖాస్తులు ప్రింటు తీసే షాపు. ఒక్కో రోజు ప్రింట్ క్యూలో ఒక ఫైలు ఇరుక్కుని, డిలీట్ కొట్టినా పోదు. కంప్యూటర్ రీస్టార్ట్ చేయకుండా దారి ఉందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఉంది. మూడు వరుసల స్క్రిప్టు. 'స్టాప్-సర్వీస్ స్పూలర్ -ఫోర్స్', తర్వాత సీ డ్రైవ్, విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్ లోపలి ఫైళ్లకు రిమూవ్-ఐటెమ్, ఆఖరున 'స్టార్ట్-సర్వీస్ స్పూలర్'. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన విండోలోనే నడుస్తుంది. దారి చివర ప్రింటర్స్, బ్యాక్‌స్లాష్, నక్షత్రం గుర్తు ఉండాలి. ఒక మెట్టు ముందే, స్పూల్ దగ్గర నక్షత్రం పెడితే పక్కనున్న డ్రైవర్స్ ఫోల్డర్‌కూ ఎసరు. క్యూలో వరుసలో ఉన్న మిగతా ప్రింట్లు కూడా పోతాయి, వాటిని మళ్లీ ఇవ్వాల్సిందే. రోజూ ఇదే తంతు అయితే ప్రింటర్ డ్రైవర్ తీసేసి కొత్తగా వేయండి.

ప్రశ్న: ఊళ్ల పేర్లతో తెలుగులో ఫోల్డర్లు తయారుచేసే పవర్‌షెల్ స్క్రిప్టు రాశాను. 'కడప' అని రాస్తే పిచ్చి అక్షరాలతో ఫోల్డర్ వచ్చింది. 'కర్నూలు' అని రాస్తే స్క్రిప్టే నడవలేదు, కోట్ మూయలేదంటోంది. మూశాను!
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీరు మూశారు, నిజమే. పవర్‌షెల్ 5.1కి అది మూడో కోట్‌గా కనిపిస్తోంది.

నోట్‌ప్యాడ్ ఈమధ్య ఫైళ్లను యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలకూ సరిపోయే పద్ధతి) దాస్తుంది గానీ, ఆ సంగతి చెప్పే బీఓఎమ్ గుర్తును ఫైలు మొదట్లో పెట్టదు. గుర్తు లేకపోతే 5.1 దాన్ని పాత ఇంగ్లిష్ పట్టికతో, సాధారణంగా 1252తో, చదువుతుంది. తెలుగులో ఒక్కో అక్షరం మూడు బైట్లు. 'నూ'లోని దీర్ఘపు కొమ్ము చివరి బైటు, పదహారేసి లెక్కలో, 82. పాత పట్టికలో 82 అంటే కింద వేలాడే ఒంటి కోట్. పవర్‌షెల్ దాన్నీ మామూలు ఒంటి కోట్‌గానే లెక్కిస్తుంది. అక్కడే మీ మాట తెగింది, మీరు మూసిన కోట్ కొత్త మాటకు తెరిచినట్టయింది. 'కడప'లో ఆ బైటు లేదు కాబట్టి అక్షరాలు చెడినా స్క్రిప్టు నడిచింది. సున్నాకీ ఇదే గతి, దాని చివరి బైటు కూడా 82. అందుకే 'అనంతపురం' రాసినా చిక్కే.

మందు సులువు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్‌కి వెళ్లి, ఎన్‌కోడింగ్ దగ్గర 'యూటీఎఫ్-8 విత్ బీఓఎమ్' ఎంచుకుని దాచండి. పవర్‌షెల్ 7 అయితే గుర్తు లేకపోయినా సరిగ్గానే చదువుతుంది. బ్యాచ్ ఫైళ్లకు మాత్రం ఇది తిరగబడుతుంది. బీఓఎమ్ ఉంటే మొదటి వరుసే చెడుతుంది. గుర్తు లేకుండా దాచి, మొదట్లో 'సీహెచ్‌సీపీ 65001' రాయాలి.

సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలు తీసేటప్పుడు కూడా 5.1లో 'ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీ' చివర '-ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8' ఇవ్వకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారతాయి. అలా దాచిన ఫైలు నుంచి పేర్లను మళ్లీ రాబట్టలేం. నల్ల విండోలో తెలుగు డబ్బాలుగా కనిపించడం వేరు సంగతి. అది ఫాంట్ లోపం, ఫైలు బాగానే ఉంటుంది.

ప్రశ్న: కాలేజీ ల్యాబ్ సర్వర్ కొన్ని రాత్రులు ఆగి, మళ్లీ ఆన్ అయి ఉంటోంది. కరెంటు పోయిందా, అప్‌డేట్ కోసం తనే రీస్టార్ట్ అయిందా?
– ల్యాబ్ అసిస్టెంట్, కడప

జవాబు: గెట్-విన్‌ఈవెంట్‌తో సిస్టమ్ లాగ్‌లో (జరిగినవన్నీ విండోస్ రాసుకునే చిట్టా) 41, 1074, 6008 నంబర్లు అడగండి. నంబర్లు, గత 7 రోజుల తేదీ 'ఫిల్టర్‌హ్యాష్‌టేబుల్' లోపలే ఇవ్వండి. లాగ్ అంతా తెచ్చి వేర్-ఆబ్జెక్ట్‌తో వడకడితే నిమిషాలు పడుతుంది. 1074 ఉంటే ఎవరో లేదా ఏదో ప్రోగ్రాం అడిగి ఆపిందని, దాని పేరూ అందులోనే ఉంటుంది. అప్‌డేట్ అయితే అక్కడే దొరుకుతుంది. 1074 లేకుండా 41 ఒక్కటే ఉంటే అర్ధాంతరంగా ఆగిందని. 41 దగ్గర కనిపించే సమయం కంప్యూటర్ మళ్లీ లేచినప్పటిది. ఆగిన సమయం 6008 సందేశంలో చూడాలి. 41 వివరాల్లో బగ్‌చెక్‌కోడ్ సున్నా కాకపోతే అది బ్లూ స్క్రీన్, కరెంటును తిట్టి లాభం లేదు. సున్నా అయితే యూపీఎస్ బ్యాటరీ, తర్వాత ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపల కరెంటు అందించే పెట్టె) చూడండి.

ప్రశ్న: కొత్త కంప్యూటర్లో 'డబ్ల్యూఎంఐసీ' కొడితే అలాంటి కమాండ్ లేదంటోంది. సీరియల్ నంబర్లు రాసుకోవాలి.
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: కంప్యూటర్ వివరాలు చూపే పాత కమాండ్ అది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి మామూలుగా రావడం లేదు. 'గెట్-సిమ్‌ఇన్‌స్టన్స్ విన్32 అండర్‌స్కోర్ బయోస్' కొట్టండి (సిమ్ అంటే సీ, ఐ, ఎమ్ అక్షరాలు), సీరియల్‌నంబర్ గడిలో ఉంటుంది. విడిభాగాలు తెచ్చి బిగించిన కంప్యూటర్లలో ఆ గడి ఖాళీగానో, అర్థంలేని మాటతోనో ఉండొచ్చు. అలాంటి వాటికి మీరే నంబర్ వేసి స్టిక్కర్ అంటించుకోండి.