పాత కారు స్టార్ట్ కావడం లేదు... అమ్మేసి అప్పు చేయాలా?

ప్రశ్న: నాది 2012 నవంబరులో రిజిస్టరైన చిన్న పెట్రోలు కారు. 81 వేల కిలోమీటర్లు తిరిగింది. సంక్రాంతికి ఊరెళ్లి పదహారు రోజులకు తిరిగివచ్చి చూస్తే స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే టకటకమని శబ్దం వస్తోంది, మీటరు దగ్గర దీపాలు మసకబారుతున్నాయి. ఒక మెకానిక్ స్టార్టర్ మోటారు మార్చాలని 9,500 రూపాయలు అడిగారు. ఇంకొకరు ఇంజిన్ బోరు పని ఉందని 45 వేలు చెప్పారు. మా అబ్బాయి దీన్ని అమ్మేసి, ఐదు లక్షల అప్పుతో మరో కారు కొందామంటున్నాడు. నా జీతం 46 వేలు. అత్యవసరాలకు 80 వేలు దాచాను. ఆఫీసుకు మెట్రోలో వెళతాను. కారు తీసేది నెలకు ఆరుసార్లు, అదీ అమ్మను పంజాగుట్టలోని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీ ఉత్తరంలో 9,500 ఉంది, 45 వేలు ఉంది, ఐదు లక్షలు ఉంది. బ్యాటరీలో ఎన్ని వోల్టులున్నాయో మాత్రం లేదు. అది తెలిసేవరకు ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి, కారును అమ్మకానికీ పెట్టకండి.

టకటకమని వరుసగా శబ్దం రావడం, అప్పుడే దీపాలు మసకబారడం చాలావరకు నీరసించిన బ్యాటరీ లక్షణాలు. ఇంజిన్‌ను మొదట తిప్పే స్టార్టరు మోటారు తిరగబోయేసరికి వోల్టేజి పడిపోతుంది, దానికి కరెంటు అందించే సోలెనాయిడ్ అనే స్విచ్చు పట్టు వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడమే మీరు వింటున్నది. స్టార్టరే పాడైతే సాధారణంగా ఒక్కసారి టక్కుమని ఆగిపోతుంది, దీపాలు అంతగా తగ్గవు. ఇక బోరు, అంటే సిలిండరు లోపలి గోడ, అరిగిందో లేదో తెలియాలంటే ముందు ఇంజిన్‌ను తిప్పాలి, ఒక్కో సిలిండరుకు గేజి పెట్టి కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, కొలవాలి. తిరగనే తిరగని ఇంజిన్‌కు బోరు పని అని ఎలా తేల్చారో ఆయన్ను అడగండి. ఊరెళ్లే ముందు మామూలుగా నడిచిన బండి, నిలబడి ఉన్న పదహారు రోజుల్లో బోరు అరగదు.

మీ వాడకం కూడా బ్యాటరీ వైపే చూపిస్తోంది. నెలకు ఆరుసార్లు, అదీ దగ్గరి ప్రయాణాలు. నిలబడి ఉన్న రోజుల్లో బ్యాటరీ కొద్దికొద్దిగా ఖాళీ అవుతుంటుంది, ఆ తగ్గింది ఈ కాస్త ప్రయాణంలో పూర్తిగా నిండదు. మన ఎండలు బ్యాటరీ ఆయుష్షును మరింత తగ్గిస్తాయి. మూడు నుంచి ఐదేళ్లు పనిచేసిందంటే దాని ధర్మం అది నెరవేర్చినట్లే.

మెకానిక్ దగ్గరకు కాకుండా, కార్ల కరెంటు పని మాత్రమే చేసే ఎలక్ట్రీషియన్‌ను ఇంటికి పిలవండి. కారు ఒక రాత్రంతా కదలకుండా ఉన్నాక మీటరు పెడితే, నిండిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12 కంటే తక్కువ ఉంటే దాదాపు ఖాళీ అయినట్లు. మరో బ్యాటరీ నుంచి తీగలు కలిపి స్టార్ట్ చేయించండి. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య చూపితే బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరు బాగున్నట్లే, బహుశా మార్చాల్సింది బ్యాటరీ ఒక్కటే. 12 దగ్గరే ఉండి తగ్గిపోతుంటే ఆల్టర్నేటరు చార్జి చేయడం లేదు. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ వేసినా కొద్ది రోజులకే మళ్లీ ఇదే కథ. బ్యాటరీ నిండుగా ఉండి కూడా తిరగకపోతేనే స్టార్టరు మీద అనుమానపడాలి. దాన్ని కూడా విప్పి చూడమనండి. చాలాసార్లు లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు మారిస్తే సరిపోతుంది. విడిభాగాల ధర సరిచూసుకోవడానికి పుత్లీబౌలిలోనో రాణిగంజ్‌లోనో రెండు దుకాణాల్లో అడగండి.

అన్నిటికంటే ముందు బ్యాటరీ టెర్మినళ్లు, బాడీకి బిగించిన ఎర్త్ తీగ చూడమని చెప్పండి. కొన్నేళ్ల క్రితం ఒక షెడ్డులో ఇలాంటి ఫిర్యాదుకే నా చేత స్టార్టరు మార్పించారు. వారం తిరక్కుండా కారు మళ్లీ మొరాయించింది. చివరికి చూస్తే తుప్పు పట్టిన ఎర్త్ తీగ! డబ్బు లెక్కలు చెప్పే నేను ఆ రోజు కొలవకుండా ఖర్చుపెట్టాను. ఆ బాధతోనే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు అప్పు సంగతి. ఐదు లక్షలకు పది శాతం వడ్డీతో ఐదేళ్లంటే నెలకు 10,624 రూపాయలు. మొత్తం వడ్డీ 1.37 లక్షలు. 46 వేల జీతంలో దాదాపు పావు వంతు, నెలకు ఆరుసార్లు తీసే బండికి పోతుంది. ఆ ఆరుసార్లూ క్యాబ్‌లో వెళ్లినా, రానుపోను 700 చొప్పున వేసుకుంటే 4,200 అవుతుంది. కాబట్టి ఈ కారు నిజంగా పనికిరానిదని తేలినా, దాని స్థానంలో అప్పు మీద ఇంకో కారు వద్దు. ముందు కొన్ని నెలలు క్యాబ్‌లో గడిపి చూడండి. అమ్మగారు మెట్రో మెట్లు ఎక్కలేరేమో, క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుంది.

అబ్బాయి మాటే నెగ్గి అమ్మాల్సివచ్చినా, స్టార్ట్ కాని కారును అమ్మకండి. కొనేవారు ఇంజిన్ పోయిందనే లెక్కతో ధర కడతారు. ఒక బ్యాటరీ పెట్టి, నడిపి చూపించి అమ్మితే వచ్చే తేడా ఆ బ్యాటరీ ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది.

'పదిహేనేళ్లు దాటితే తుక్కుకేగా' అని మీ ఇంట్లో ఎవరైనా అంటే, ఆ కట్టడి ఢిల్లీ పరిసరాలకు సంబంధించింది. ఇక్కడ 2027 నవంబరులో గడువు ముగిసినా, తనిఖీలో పాసైతే మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగిన రెన్యూవల్ రుసుముకూ, పాత బండ్ల మీద వేసే హరిత పన్నుకూ ఇప్పటినుంచే నెలకు కొంత పక్కన పెట్టుకోండి.

మామూలు బీమా పాలసీలో ఈ మరమ్మతుకు డబ్బు రాదు. యంత్ర లోపాలు, విద్యుత్ లోపాలు, అరుగుదల అందులోకి రావు. మీ పాలసీలో దారిలో సహాయం అనే అదనపు రక్షణ ఉంటే మాత్రం, ఇంటి దగ్గరికే వచ్చి తీగలు కలిపి స్టార్ట్ చేసి వెళ్లే అవకాశం ఉంది. ఒకసారి కాగితం తీసి చూడండి.

బ్యాటరీ వారంటీ కార్డు కూడా వెతకండి. ఉచితంగా మార్చి ఇచ్చే గడువు దాటినా, కొన్ని బ్యాటరీలకు ఆ తర్వాత కొన్ని నెలలపాటు ధరలో తగ్గింపు ఇస్తారు. అదీ దాటిపోయి ఉంటే పాత బ్యాటరీని ఊరికే వదిలేయకండి. అందులోని సీసానికి విలువుంది కాబట్టి దుకాణంవారు కొత్తదాని ధరలో ఆ మేరకు తగ్గించాలి. కొత్త బ్యాటరీకయ్యే ఖర్చును ఈ నెల జీతంలోంచే సర్దుకోండి, ఆ 80 వేలు కదిలించకండి.