పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఆఫ్రికా అడవుల్లో వేట పుస్తకాలు

ప్రశ్న: నేను రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైనవాణ్ని. ఏడాదిగా ఆఫ్రికా వేట పుస్తకాలు ముందేసుకుంటే అన్నానికి లేవాలన్న ధ్యాస కూడా ఉండటం లేదు. మొన్న మా మనవరాలు, “తాతయ్యా, వెయ్యి ఏనుగుల్ని చంపినవాడి పుస్తకం అంత ముచ్చటగా ఎలా చదువుతున్నావు?” అని అడిగితే నాకు జవాబు తోచలేదు. వీటిని ఆనందించడం తప్పంటారా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: వెయ్యి ఏనుగులంటున్నారు కాబట్టి మీ చేతిలో ఉన్నది దంతాల కోసం ఏనుగులను వేటాడిన ‘కారమోజో’ బెల్ 1923లో ప్రచురించిన పుస్తకమై ఉండాలి. ఏనుగును కొట్టడానికి భారీ తుపాకి తప్పదని అందరూ నమ్మే రోజుల్లో ఆయన చిన్న తూటాతోనే పని ముగించేవాడు; అందుకోసం ఏనుగు పుర్రెను రంపంతో కోసి, మెదడు సరిగ్గా ఎక్కడ ఉంటుందో చూసుకున్నాడు. ఆ నేర్పుకు ఆశ్చర్యపోయిన మాట నిజమే గాని, దంతాల బరువుల లెక్కలు వచ్చే చోట అది నాకు వర్తకుడి చిట్టాలా కనిపించింది, రెండోసారి తెరవబుద్ధి కాలేదు. మీ మనవరాలి ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే వేట పుస్తకాలన్నిటినీ ఒకే గాటన కట్టనక్కరలేదు.

మంచి వేట పుస్తకంలో తుపాకి పేలడం ఒక్క వాక్యంలో అయిపోతుంది. దానికి ముందు పేజీలకు పేజీలు జాడ తీయడమే ఉంటుంది. నలిగిన గడ్డి ఎంతసేపటి క్రితం నలిగింది, గాలి ఎటు నుంచి వీస్తోంది, పిట్టలు ఎందుకు ఉలిక్కిపడ్డాయి అన్న ఆ చూపు కోసమే మనం చదువుతాం. 1871లో పందొమ్మిదేళ్ళ వయసులో ఆఫ్రికాలో దిగిన ఇంగ్లీషు వేటగాడు సెలూస్ పదేళ్ళ తరువాత ప్రచురించిన పుస్తకాన్ని నేను అందుకే ఇష్టపడతాను. దారి తప్పి తిండీ నీళ్ళూ లేక అల్లాడటం, పొరపాటున మందు రెండుసార్లు దట్టించిన తుపాకిని పేల్చి తానే వెనక్కి ఎగిరిపడటం వంటివి ఆయన దాచుకోకుండా రాశాడు. తన గురి ఎన్నడూ తప్పలేదని చెప్పుకునే వేటగాడి కంటే ఇలాంటివాణ్ని నమ్మడం సులువు.

మీరు రైల్వే మనిషి కాబట్టి, ఇదివరకే చదివి ఉండకపోతే, కల్నల్ ప్యాటర్సన్ 1907లో ప్రచురించిన సావో నరభక్షక సింహాల పుస్తకాన్ని వెంటనే చదవండి. ఇప్పటి కెన్యాలో మొంబాసా రేవు నుంచి విక్టోరియా సరస్సు దాకా బ్రిటిషువాళ్ళు రైలు మార్గం వేస్తున్నప్పుడు, 1898లో సావో నది మీద వంతెన కట్టే పని ఆయనకు అప్పగించారు. పట్టాలు మోసిందీ రాళ్ళు చెక్కిందీ చాలావరకు మనదేశం నుంచి, ముఖ్యంగా పంజాబు ప్రాంతం నుంచి ఒప్పందం మీద వెళ్ళిన కూలీలు, మేస్త్రీలు. ఆ మార్గం కోసం సుమారు 32 వేలమంది భారతీయులు సముద్రం దాటారు. రోగాల వల్ల, ప్రమాదాల వల్ల దాదాపు 2,500 మంది తిరిగి రాలేదు. జూలు లేని రెండు మగసింహాలు రాత్రిపూట ముళ్ళకంచెలు దాటి, డేరాల్లో నిద్రపోతున్నవారిని ఈడ్చుకుపోవడం మొదలుపెట్టాయి. చివరికి వందలాది కూలీలు పట్టాలకు అడ్డంగా పడుకుని రైలు ఆపించి, ఎక్కి పారిపోయారు. మూడు వారాలపాటు పని నిలిచిపోయింది.

ఆ పుస్తకంలో నవ్వూ భయమూ పక్కపక్కనే నడుస్తాయి. ప్యాటర్సన్ రైలు పట్టాలతో రెండు అరల బోను కట్టించి, లోపలి అరలో ఎరగా సిపాయీలను కూర్చోబెడతాడు. సింహం నిజంగానే వచ్చి చిక్కుతుంది. సిపాయీలు బెదిరిపోయి ఎటుపడితే అటు కాలుస్తారు, ఒక తూటా తలుపు కడ్డీని విరగగొడుతుంది, సింహం ఆ సందులోంచి వెళ్ళిపోతుంది. మరోనాడు చచ్చిన గాడిదను ఎరగా పెట్టి, ఊగిసలాడే మంచె మీద ఆయన ఒంటరిగా కూర్చుంటాడు. సింహం గాడిదను వదిలి మంచె చుట్టూనే తిరుగుతుండగా ఏదో వచ్చి ఆయన తలకు తగులుతుంది. గుండె ఆగినంత పనైన తరువాత తెలుస్తుంది, అది గుడ్లగూబ అని. ఆ రాత్రే, డిసెంబరు 9న, మొదటి సింహం చచ్చింది. రెండోది అదే నెల 29న.

ఎంతమందిని తిన్నాయన్న దగ్గర మాత్రం జాగ్రత్తగా చదవాలి. చనిపోయిన భారతీయులు 28 మంది అని ప్యాటర్సన్ రాశాడు, ఆఫ్రికన్లకు లెక్కే లేదన్నాడు. తరువాతి కాలంలో మొత్తం 135 అన్నాడు. 1924లో ఆయన చికాగోలోని ఫీల్డ్ మ్యూజియానికి అమ్మిన చర్మాలను, పుర్రెలను పరీక్షించిన శాస్త్రవేత్తలు 2009లో సుమారు 35 అని అంచనా వేశారు. పాతవాళ్ళు దొరగారిని పొగిడి ఊరుకునే చోట, మనం ఆ లెక్కలేనివారి గురించి ఆలోచించవచ్చు. జమాదారు ఉంగన్ సింగ్ వంటి కొద్దిమంది పేర్లే మిగిలాయి. రోషన్ అనే మేస్త్రీ 1899 జనవరిలో హిందుస్తానీలో కట్టిన పద్యం కూడా పుస్తకం చివర అనువాదంగా ఉంది. అది పొగడ్త పద్యమే అయినా, ఆ డేరాల్లో పడుకున్న మనిషి గొంతు మనకు నేరుగా వినిపించేది అక్కడే. నేను దాన్ని ముందు చదివి, తరువాత మొదటి అధ్యాయానికి వెళతాను.

మీ మనవరాలికి ఇంకొక సంగతి కూడా చెప్పండి. కెన్యా 1977లో వేటను నిషేధించింది. దంతాల అంతర్జాతీయ వ్యాపారాన్ని ఆపాలని దేశాలు 1989లో నిర్ణయించాయి. అయినా 2016 అంచనా ప్రకారం ఆఫ్రికా మొత్తంలో మిగిలిన ఏనుగులు 4 లక్షల 15 వేలు. ఈ అంకె తెలిసి కూడా బెల్ పుస్తకం చదవవచ్చు గాని, అదే ముచ్చటతో చదవగలమా అన్నది నాకు అనుమానమే.

ప్రశ్న: ఆఫ్రికా సాహస నవలల్లో ఉన్నదంతా నిజమేనా?
– ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: కాదు, కొన్ని తప్పులైతే భలే సరదాగా ఉంటాయి. రైడర్ హాగర్డ్ 1885లో రాసిన ‘కింగ్ సాలమన్స్ మైన్స్’ మొదటి ముద్రణలో సూర్యగ్రహణాన్ని చూపి స్థానికులను బెదిరించే ఘట్టం ఉంది. అదే రోజుల్లో పున్నమి చంద్రుడు కూడా వెలుగుతుంటాడు. సూర్యగ్రహణం అమావాస్యనాడే పడుతుందని పంచాంగం తిరగేసే మన అమ్మమ్మలకు తెలుసు. తరువాతి ముద్రణల్లో హాగర్డ్ దాన్ని చంద్రగ్రహణంగా మార్చాడు. ఆఫ్రికా ముఖం చూడని బరోస్ 1912లో పత్రికలో టార్జాన్ కథ రాసినప్పుడు ఆఫ్రికా అడవిలో పులిని పెట్టాడు. పుస్తకంగా వచ్చేసరికి అది ఆడసింహమైంది.

హాగర్డ్ మాత్రం అక్కడ కొన్నేళ్ళు ఉద్యోగం చేసినవాడు. తెల్లవాడే గొప్ప అన్న అహంకారం ఆయన రాతల్లో నిండా ఉంది. అయినా ఈ నవలలో నౌకరుగా చేరిన ఉంబోపా అసలైన రాజని తేలడం, చివర తన దేశంలోకి వర్తకుల తుపాకులనూ సారానూ రానివ్వనని చెప్పడం చూస్తే, ఆ మాటలు రచయిత అహంకారానికే ఎదురు నిలిచినట్టు నాకు తోస్తుంది. ఆ పేజీలు రెండుసార్లు చదవండి.

ప్రశ్న: ఇలాంటి కథ భారతీయులెవరైనా రాశారా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: రాశారు. ‘వనవాసి’గా మన తెలుగువారికి దగ్గరైన నవలను రాసిన విభూతిభూషణ్ బందోపాధ్యాయే, 1937లో పుస్తకంగా వచ్చిన ‘చాందేర్ పహాడ్’లో శంకర్ అనే బెంగాలీ కుర్రవాణ్ని పైన చెప్పిన రైలు మార్గంలోనే ఉద్యోగానికి పంపారు. సింహాలు, విషసర్పాలు, ఆపైన వజ్రాల గని వేట. రచయిత ఆఫ్రికాలో ఎన్నడూ అడుగు పెట్టలేదు. పుస్తకాలు, పటాలు ముందేసుకుని రాశారు. అయినా ఒంటరి స్టేషనులో రాత్రి కమ్ముకునే ఆ భయం, కాజీపేట గార్డుగారికి చదివి వినిపిస్తే, ఆయనే సరిగ్గా బేరీజు వేయగలరు.