చిన్నదాని స్కూల్ బట్టల గొడవ: పెద్దమ్మ మాట

అమ్మాయ్,

నీ వాయిస్ మెసేజ్ విన్నా, మధ్యలో ఏడుస్తున్నావో జలుబు చేసిందో తెలీలేదు గానీ విషయం మాత్రం అర్థమైంది. ఆరో క్లాసు పిల్ల సరిగ్గా బస్సు టైముకి పొట్టి టాప్ వేసుకుని మెట్లు దిగడం, నువ్వు పోయి మార్చుకో అనడం, అది తలుపు దబేల్మని వెయ్యడం, ఈలోగా బస్సు వెళ్ళిపోవడం. ఇక్కడైతే యూనిఫాం ఉంటుంది కాబట్టి ఈ తిట్లు సగం స్కూలే తింటుంది, మీ టెక్సాస్ ఫ్రిస్కోలో పబ్లిక్ స్కూళ్ళకి యూనిఫాం లేదు, ఉన్నది డ్రెస్ కోడే కదా, అందుకని అంతా నీ నెత్తిన పడింది.

ముందు ఆ డ్రెస్ కోడ్ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదువు. నువ్వొక్కదానివే చదివి తీర్పు చెప్పకు. స్కూలు వద్దన్నదానికి నువ్వు పోట్లాడే పనే లేదు, స్కూల్ రూల్ అని తప్పుకో. స్కూలు ఒప్పుకున్నది నువ్వు వద్దంటే మాత్రం కారణం చెప్పాలి, నలుగురూ ఏమనుకుంటారు అంటే కుదరదు, అక్కడ ఆ నలుగురూ అవే వేసుకొస్తున్నారు మరి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరిన కొత్తలో పెద్ద క్లాసుల ఆడపిల్లలకి నీలం లంగా తెల్ల ఓణీ. తర్వాత పంజాబీ డ్రెస్ పెడదామంటే ఊళ్ళో పెద్దమనుషులు హెడ్మాస్టర్ గదిలో వచ్చి కూర్చున్నారు, ఎదిగిన పిల్లలు ఓణీ లేకుండా రోడ్డెక్కడమేంటని. ఇప్పుడు మీ అమ్మ మనవరాలికి ఫోన్లో ఏం చెప్తోంది? జీన్స్ మానేసి లక్షణంగా పంజాబీ డ్రెస్ వేసుకోమని! కాబట్టి అమ్మమ్మ కామెంట్లు ఈ విషయంలో లెక్కలోకి తీసుకోకు, మా చెల్లెలికి నేను చెప్పుకుంటాలే.

ఆ లంగాల కాలంలోనే ఒక పిల్ల ఉండేది, పెరుగుతుంది కదా అని వాళ్ళమ్మ కింద నాలుగు వేళ్ళు లోపలికి మడిపించి కుట్టించేది, మరుసటి ఏడు కుట్లు విప్పితే లంగా అంతా వెలిసిపోయి మడతలో ఉన్న ముక్క మాత్రం ముదురు నీలంగా పట్టీ వేసినట్టు కనపడేది, ఆ పిల్ల పుస్తకాల సంచి దానికి అడ్డం పెట్టుకుని నడిచేది, బోర్డు మీద లెక్క చెయ్యమంటే వచ్చినా రాదనేది, లేచి నిలబడాలి కదా. అందుకే చెప్తున్నా, టాప్ పొట్టిగా ఉందను, అంతవరకే. లావుగా కనపడుతున్నావ్, వయసుకి మించి ఎదిగావ్ లాంటి మాటలు నీ నోట్లోంచి రానివ్వకు, మీ ఆయన్ని కూడా అననివ్వకు.

రూల్స్ ఎన్ని తక్కువుంటే అంత మంచిది. ఉతికిన బట్ట వెయ్యాలి. పీఈ, అదే ఆటల క్లాసు, ఉన్నరోజు బూట్లు, చెప్పులు కాదు. చేతులు పైకెత్తితే నడుము కనపడకూడదు, ఇది అద్దం ముందు అదే చూసుకోవచ్చు, నువ్వు టేపు పట్టుకుని వెనకాల తిరగక్కర్లేదు. రంగులు, జత కలవని సాక్సులు, ఎండాకాలంలో హుడీ, అవన్నీ దానిష్టం. మోకాలి దగ్గర చిరుగుల ప్యాంటు చూస్తే నాకూ సూదీ దారం తియ్యాలనిపిస్తుంది, అయినా వదిలెయ్. ఏం వేసుకోవాలో రాత్రే తీసి పెట్టుకోమను, పొద్దున ఏడింటికి ఎవ్వరూ న్యాయంగా మాట్లాడలేరు. ఇంకోటి, ఈ రూల్స్ తమ్ముడికీ ఉండాలి, వాడు మూడ్రోజులు ఒకే టీషర్టు వేసుకుపోతుంటే నవ్వేసి దీన్ని పట్టుకుంటే ఎందుకు వింటుంది? మీ మొగుడూపెళ్ళాలు ముందు గదిలో మాట్లాడుకుని ఒక మాట మీదకి రండి, నువ్వు వద్దనడం ఆయన పోన్లే అనడం కుదరదు.

డబ్బుల సంగతి. టెక్సాస్‌లో ఆగస్టులో ట్యాక్స్ ఫ్రీ వీకెండ్ వస్తుంది కదా, 100 డాలర్ల లోపు బట్టలకీ బూట్లకీ, స్కూల్ బ్యాగులకి కూడా, ఆ 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ పోదు. ఇంత అని చెప్పి దాని చేతికిచ్చెయ్. అంతా పెట్టి ఒకే జత బూట్లు కొనుక్కుంటే పోయినేటి షర్టులతో గడుపుతుంది, మధ్యలో జాలిపడి మళ్ళీ కార్డు తియ్యకు.

బొట్టూ గాజులూ స్కూలుకి బలవంతం చెయ్యొద్దు, బస్సెక్కగానే తుడిచేస్తుంది, గుడికీ పండక్కీ పెట్టుకోమను చాలు. బ్యాగులో వేరే టాప్ దాచుకెళ్ళి బాత్రూంలో మార్చుకుంటోందని అనుమానమొచ్చినా బ్యాగు వెతకొద్దు, అలా చేస్తోందంటే ఏదో రూలు దానికి మరీ బిగుతుగా ఉందన్నమాట, ఆదివారం కూర్చుని ఆ ఒక్కదాని గురించే మళ్ళీ మాట్లాడండి.

దసరాకి దానికి లంగా ఓణీ కుట్టిస్తున్నా. రంగు దాన్నే అడిగి చెప్పు, కొలతలు మాత్రం అది సరేనంటేనే వాట్సాప్‌లో పంపు, ఫ్యామిలీ గ్రూపులో పెట్టకు.

పెద్దమ్మ