పాత పోలో జీటీ టీఎస్ఐకి 185/60 ఆర్15 బదులు ఏ సైజు టైర్లు వేయించుకోవచ్చు?

మీరుండేది హనుమకొండలో, కారుకి కంపెనీ ఇచ్చిన 15 అంగుళాల రిమ్ములే ఉన్నాయి అన్నారు కాబట్టి, నా ఓటు 195/60 ఆర్15కే.

లెక్క చూడండి. ఇప్పుడున్న టైరు వెడల్పు 185 మి.మీ., గోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 111 మి.మీ. పైనా కిందా కలిపి 222, దానికి 15 అంగుళాల రిమ్ము, అంటే 381 కలిపితే చక్రం ఎత్తు 603 మి.మీ. 195/60కి అదే లెక్క వేస్తే 615. తేడా 2 శాతం. మీటరు 100 చూపించేటప్పుడు ఇప్పటికంటే ఓ 2 కి.మీ. ఎక్కువ వేగంలో ఉంటారు, అంతే. మీటర్లు మామూలుగానే కాస్త ఎక్కువ చూపిస్తాయి, టెన్షన్ అక్కర్లేదు. తేడా 3 శాతం దాటితే మాత్రం వద్దు.

195/55 ఆర్15 వేస్తే కారు దాదాపు 4 మి.మీ. కిందికి దిగుతుంది. మన కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు తెలిసిందే కదా!

16 అంగుళాల అల్లాయ్‌లు చూడ్డానికి బాగుంటాయి. కానీ 205/50 ఆర్16 గోడ 102.5 మి.మీ. మాత్రమే. వానాకాలం రాత్రి ములుగు వైపు వెళ్తూ నీళ్లు నిండిన గుంతలో పడితే రిమ్ము వంగే ప్రమాదం ఎక్కువ.

సైజు పక్కన ఉండే లోడ్ నంబరు (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) పాతదానికంటే తగ్గకూడదు. గోడ మీద తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 3224 అంటే 2024లో 32వ వారం. బేరం కుదిరిందని పాత స్టాకు తీసుకోకండి. బిగించాక వెనక ముగ్గుర్ని కూర్చోబెట్టి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి ఎక్కడైనా రాసుకుంటోందేమో షాపులోనే చూసుకోండి.