కోడిపిల్లల్ని గూటికి మార్చేముందు రొమ్ము కింద ఈకలు చూడండి

మీవి 12 పిల్లలు, నాలుగున్నర వారాలు నిండాయి, అట్టపెట్టె ఇరుకై ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి, బయట గూట్లో ఇప్పటికే 3 పెట్టలున్నాయి, ఇప్పుడే మార్చేయొచ్చా అని అడిగారు. పగటిపూట ఎండ బాగుంటే కాసేపు బయటికి తీసుకెళ్లండి. రాత్రి పడుకోవడానికి మాత్రం ఇంకో వారం, పది రోజులు ఆగండి. నేను ఆగకుండా రెండు పిల్లల్ని పోగొట్టుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

నా మొదటి విడతలో 9 పిల్లలు. నాలుగో వారం దాటేసరికి రెక్కలు, తోక వచ్చి అచ్చం చిన్న సైజు కోళ్లలా కనిపించాయి. ఆ రోజు ఎండ కూడా బాగా కాసింది. సాయంత్రం గూట్లో వదిలి తలుపు వేశాను. అర్ధరాత్రి వాన మొదలైంది, గాలి కూడా వీచింది. తెల్లవారి తలుపు తీస్తే అన్నీ ఒకే మూలలో గుట్టగా పడి ఉన్నాయి. పైనున్నవి లేచి వచ్చాయి, అడుగునున్న రెండు లేవలేదు. వాటి ఒంటి మీద చిన్న గాయం కూడా లేదు. చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కేసరికి కిందవాటికి ఊపిరాడలేదు. చేతిలోకి తీసుకుని వెల్లకిలా తిప్పి చూశాను. పైనుంచి అంత నిండుగా కనిపించిన పిల్లకి పొట్ట కింద, రెక్కల లోపల నూగు తప్ప ఇంకేమీ లేదు, గులాబీ రంగు చర్మం కనిపిస్తోంది.

ఈకలు ముందు రెక్కలకి, తర్వాత తోకకి వస్తాయి. రొమ్ముకి, పొట్టకి, తలకి ఆలస్యంగా వస్తాయి. మనం పైనుంచి చూస్తాం కాబట్టి మోసపోతాం. అందుకే ఇప్పుడు నేను వారాలు లెక్కపెట్టడంతో ఆగను. పిల్లని పట్టుకుని రొమ్ము మీద మెల్లగా ఊదుతాను. ఈకలు పక్కకి జరిగినప్పుడు కింద చర్మం బోసిగా కనిపిస్తే ఇంకా టైమ్ ఉన్నట్టే. మామూలుగా ఆరో వారానికి ఈకలు నిండుతాయి. బరువైన జాతులకి ఇంకొంచెం ఆలస్యమవుతుంది. ఒకే పెట్టెలో పెరిగినవి కూడా అన్నీ ఒకేసారి నిండవు, అన్నింటికంటే వెనకబడిన పిల్లని బట్టి నిర్ణయం తీసుకోండి.

వేడి లెక్క మీకు తెలిసే ఉంటుంది. పెట్టెలో బల్బు వేడిని మొదటి వారం 35 డిగ్రీలతో మొదలుపెట్టి వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ వస్తాం. ఆ లెక్కన ఐదో వారంలో 23, ఆరో వారంలో 20 దగ్గరికి వస్తుంది. మీ దగ్గర తెల్లవారుజామున ఎంత ఉంటుందో చూసుకోండి. చాలామంది మధ్యాహ్నం వేడి చూసి ధైర్యం తెచ్చుకుంటారు, నేనూ అదే చేశాను. తీరా పిల్లలకి కష్టమయ్యేది తెల్లవారుజామునే.

రెండో విడత నుంచి నేను బల్బు అలవాటుని ఇంట్లో ఉండగానే మాన్పిస్తున్నాను. ముందు పగలు ఆపేశాను. మూడు, నాలుగు రోజుల తర్వాత రాత్రి కూడా ఆపి, పడుకునేముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వెళ్లి చూశాను. పక్కపక్కన ఒరిగి హాయిగా పడుకుంటే సరే. ఒకదాని మీద ఒకటి ఎక్కి గట్టిగా అరుస్తుంటే చలి వేస్తున్నట్టే, బల్బు మళ్లీ వేసేయాలి. ఇలా నాలుగైదు రాత్రులు బల్బు లేకుండా గడిచాకే గూటికి మార్చాను. అలా చేస్తే గూట్లో బల్బు పెట్టాల్సిన అవసరమే రాదు. ఎండిన ఊక మీద వేడి బల్బు వేలాడుతుంటే నాకు నిద్ర పట్టదు, అది జారిపడితే మంటే. తప్పక పెట్టాల్సి వస్తే క్లిప్పుని నమ్ముకోకుండా గొలుసుతో కూడా కట్టండి.

ఈలోపు ఇరుకు సంగతి వెంటనే చూడండి, పొడుచుకోవడానికి ముఖ్య కారణం అదే. ఈ వయసులో ఒక్కోదానికి కనీసం ఒక చదరపు అడుగు కావాలి, అంటే మీ 12 పిల్లలకి 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. రెండు పెద్ద అట్టపెట్టెలు కలిపి మధ్యలో దారి కోస్తే సరిపోతుంది. మూలల్లో అట్ట వంచి పెట్టి గుండ్రంగా చేయండి, అప్పుడు మూలకి చేరి గుట్టగా పడవు. ఎగరకుండా పైన వల కప్పండి.

గూటికి వెళ్లిన మొదటి రెండు వారాలు రెట్ట మీద ఓ కన్నేసి ఉంచండి. మార్పు వల్ల కలిగే ఒత్తిడికి నేల తడి తోడైతే కాక్సిడియోసిస్, అంటే పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు, సోకే ప్రమాదం ఎక్కువ. రెట్టలో రక్తం, ఈకలు ఉబ్బించి మూల కూర్చోవడం, మేత మానేయడం కనిపిస్తే అదే రోజు పశువైద్యుడిని అడగండి, ఆలస్యం చేస్తే పిల్లలు దక్కవు. నీళ్ల గిన్నెని పిల్లల వీపు ఎత్తులో ఇటుక మీద పెడితే ఊక చాలావరకు పొడిగా ఉంటుంది.

పెద్ద పెట్టలతో నేరుగా కలపకండి, కొత్తవాటిని అవి తల మీద పొడిచి చంపేయగలవు. మధ్యలో జాలీ కట్టి కనీసం రెండు వారాలు చూసుకోనివ్వండి. కలిపేది సైజు దగ్గరపడ్డాకే, అప్పుడు కూడా మేత, నీళ్లు రెండు చోట్ల పెట్టాలి. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం ఎక్కువ, అది పిల్లల కిడ్నీలని పాడుచేస్తుంది. అందుకని అందరికీ పిల్లల దాణానే పెట్టి, పెట్టలకి గవ్వల పొడి విడిగా గిన్నెలో ఉంచుతాను. పెట్టలు తమకి కావలసినంత అవే తింటాయి.

జాలీ అంటే గుర్తొచ్చింది, అరంగుళం కన్నాలున్న గట్టి ఇనుప జాలీ వాడండి. మామూలు కోళ్ల వల కోళ్లని లోపల ఆపుతుందేగానీ పిల్లిని, ఎలుకని, పాముని బయట ఆపలేదు.

ఇంకొకటి. మార్చిన తర్వాత నాలుగైదు రోజులు పగలు కూడా గూటిని, దానికి ఆనుకున్న జాలీ ఆవరణని దాటి వదలకండి. ఇదే తమ ఇల్లని వాటికి తెలియాలి. తర్వాత చీకటి పడడానికి గంట ముందు మాత్రమే వదిలి చూడండి. మా రెండో విడత పిల్లలు మొదటి సాయంత్రం గూటి తలుపు పక్కనే గోడకి ఆనుకుని కూర్చుండిపోయాయి, ఒక్కోదాన్నీ ఎత్తి లోపల పెట్టాను. చీకట్లో వాటికి కళ్లు సరిగా కనపడవు. గూట్లో చిన్న లైటు వేసి ఉంచితే వెలుగు చూసి వెళ్తాయి. మూడో రోజుకి సగం, ఐదో రోజుకి దాదాపు అన్నీ వాటంతటవే వెళ్లాయి. ఒక్క బూడిదరంగు పిల్ల మాత్రం ప్రతి సాయంత్రం వరండాలో పాత పెట్టె ఉన్నచోటికి వచ్చి, ఖాళీ నేల మీద కూర్చుని నన్ను చూసి అరిచేది. దాన్ని పది రోజులు మోశాను. పదకొండో రోజు వరండాలో కనపడకపోయేసరికి టార్చి పట్టుకుని కంగారుగా వెళ్లి చూస్తే, గూట్లో కింది కర్ర మీద మిగతావాటి మధ్య ఇరుక్కుని పడుకుని ఉంది.

ఈ రోజు ఒక పిల్లని పట్టుకుని రొమ్ము మీద ఊది చూసి ఎలా ఉందో రాయండి. తెల్లవారుజామున గూట్లో ఎన్ని డిగ్రీలుంటుందో కూడా చెప్తే, ఇంకా ఎన్ని రోజులు ఆగాలో చూద్దాం.